అమ్మ మతిమరుపుకు హ్యూమనిన్ ఇంజెక్షన్: ఇవ్వాలా, వద్దా?

ముందుగా మీరు అడిగింది నేను సరిగ్గా అర్థం చేసుకున్నానో లేదో చూడండి. మీ అమ్మగారికి 71 ఏళ్లు. రెండేళ్లుగా మతిమరుపు పెరుగుతోంది. చెప్పిందే మళ్లీ చెబుతున్నారు, స్టవ్ ఆపడం మరిచిపోతున్నారు. న్యూజెర్సీ నుంచి వచ్చిన మీ బావగారు "హ్యూమనిన్" అని రాసి ఉన్న 10 మిల్లీగ్రాముల వయల్స్ ఆరు తెచ్చి, ఇన్సులిన్ సిరంజితో వారానికి రెండుసార్లు, ఒక్కోసారి 1 మిల్లీగ్రాము ఇవ్వమన్నారు. ఇది మైటోకాండ్రియాలో (కణాల్లో శక్తి తయారుచేసే భాగాల్లో) తయారయ్యే పెప్టైడ్ (అమైనో ఆమ్లాల చిన్న గొలుసు) అనీ, మెదడును కాపాడుతుందనీ, వయసు మీద పడకుండా చూస్తుందనీ చెప్పారు. మీ అమ్మమ్మగారికీ చివరి రోజుల్లో ఇలాగే అయింది. మైటోకాండ్రియా తల్లి నుంచే వస్తుంది కదా, నాకూ వస్తుందా, నేనూ ఇప్పటినుంచే మొదలుపెట్టాలా అన్నది మీ రెండో ప్రశ్న.

చివర్లో మాటవరసకి అన్నట్టు ఇంకో మూడు సంగతులు రాశారు. అమ్మగారికి పన్నెండేళ్లుగా షుగరు, మెట్‌ఫార్మిన్ వాడుతున్నారు. గ్యాస్‌కని రోజూ పరగడుపున పాంటోప్రజోల్ వేసుకుంటారు. 2016లో రొమ్ము క్యాన్సర్ ఆపరేషన్ అయింది. మీరు రాసిన దాంట్లో నన్ను ఎక్కువగా పట్టి ఆపింది ఈ మూడు వాక్యాలే.

నేను డాక్టర్ని కాను. హైదరాబాద్ శివార్లలో ఒక కంపెనీలో పెప్టైడ్లు తయారుచేసే విభాగంలో ఇరవై రెండేళ్లు పనిచేశాను. హ్యూమనిన్ లాంటి వాటిని చేతులతో చేసి, శుద్ధిచేసి, పాడైపోవడం చూసినవాణ్ని. ఇంట్లో మా మామగారిని అల్జీమర్స్‌తో ఆరేళ్లు చూసుకున్నాం. కాబట్టి మీ టెన్షన్ రెండు వైపుల నుంచీ తెలుసు. నా జవాబు: అమ్మగారికి ఇవ్వకండి, మీరూ తీసుకోకండి. ఎందుకన్నది కాస్త పెద్ద కథ. కానీ మీ బావగారు మోసగాడేమీ కాదు. ఆయన చదివింది నిజమైన సైన్సే. చిక్కు ఎక్కడ వచ్చిందో చెప్పాలంటే ఆ సైన్స్ నుంచే మొదలుపెట్టాలి.

2001లో జపాన్‌లో, టోక్యోలోని కెయో యూనివర్సిటీలో ఇకువో నిషిమోతో బృందం ఒక మంచి ఆలోచన చేసింది. అల్జీమర్స్‌లో మెదడు అంతా ఒకేలా దెబ్బతినదు. జ్ఞాపకాలకు సంబంధించిన భాగాలు ముందు పోతాయి. తల వెనక వైపు, చూపుకు సంబంధించిన ఆక్సిపిటల్ భాగం చాలాకాలం నిలుస్తుంది. అక్కడి కణాలు చావకుండా ఎలా ఉన్నాయి? వాటిలో వాటిని కాపాడేది ఏదైనా ఉందా? చనిపోయిన ఒక అల్జీమర్స్ రోగి మెదడులో ఆ భాగం నుంచి జన్యు సందేశాలు తీసి, వాటి నకళ్లను ప్రయోగశాలలోని నాడీకణాల్లో పెట్టారు. ఆ కణాలకు అల్జీమర్స్ కుటుంబాల్లో కనిపించే ఒక తప్పుడు జన్యువు ఇచ్చి చావుకు గురిచేశారు. బతికి బయటపడ్డ కణాల్లో ఏముందో వెతికారు. దొరికింది 24 అమైనో ఆమ్లాల చిన్న ముక్క. రోగుల్లో మనిషితనాన్ని తిరిగి తేవాలన్న ఆశతో దానికి హ్యూమనిన్ అని పేరు పెట్టారు.

పేరు పెట్టినంత సులభంగా సైన్స్ ప్రపంచం నమ్మలేదు. కారణం, ఆ ముక్క అక్షరాలు దొరికిన చోటు. మన కణాల్లో మైటోకాండ్రియాకు తన సొంత డీఎన్‌ఏ ఉంటుంది. 16,569 అక్షరాలు, 37 జన్యువులు, అంతే. వాటిలో ప్రొటీన్లు ఇచ్చేవి 13 అని పుస్తకాలన్నీ చెప్పాయి. హ్యూమనిన్ సందేశం ఆ పదమూడులో లేదు. ప్రొటీన్లు తయారుచేసే యంత్రమైన రైబోజోమ్‌ను కట్టడానికి వాడే 16ఎస్ ఆర్‌ఆర్‌ఎన్‌ఏ జన్యువు మధ్యలో ఇరుక్కుని ఉంది. ఇంటి గోడలో ఇటుకలా ఉంటుందనుకున్న చోట ఒక ఉత్తరం దొరికినట్టు. దానికి తోడు ఇంకో వింత. మైటోకాండ్రియా భాషలో కొన్ని అక్షరాల అర్థం మిగతా కణం భాషతో తేడాగా ఉంటుంది. ఒకచోట బయట "అర్జినిన్ కలుపు" అని చదివే మాటను లోపల "ఇక ఆపు" అని చదువుతారు. అందుకే ఈ పెప్టైడ్ కణంలో బయట తయారైతే 24 అమైనో ఆమ్లాలు, మైటోకాండ్రియా లోపల తయారైతే 21. పైగా కేంద్రకంలోని డీఎన్‌ఏలో కూడా దీన్ని పోలిన నకళ్లు పదమూడు దాకా చెల్లాచెదురుగా ఉన్నాయి. మన రక్తంలో తిరిగే హ్యూమనిన్ సరిగ్గా ఎక్కడ తయారై వస్తోందన్నది పాతికేళ్ల తర్వాత కూడా వాదన తెగని విషయమే.

మరి ఎందుకు నమ్మారంటే, 2003లో మరో రెండు ల్యాబులు వేరే వేరే దార్లలో ఇక్కడికే వచ్చి చేరాయి. పింకస్ కోహెన్ బృందం ఎదుగుదల హార్మోనుకు సంబంధించిన ఐజీఎఫ్‌బీపీ-3 అనే ప్రొటీన్‌కు ఏది అతుక్కుంటుందో వెతుకుతోంది. జాన్ రీడ్ బృందం బాక్స్ అనే ప్రొటీన్ వెనక పడింది. బాక్స్ అంటే కణాల యముడనుకోండి. కణం చావాలని నిర్ణయమైతే అది మైటోకాండ్రియా మీదికి వెళ్లి గోడకు చిల్లులు పెడుతుంది. హ్యూమనిన్ దాన్ని దారిలోనే పట్టుకుని ఆపుతోందని తేలింది. మూడు గాలాలు, మూడు ఎరలు, ఒకే చేప. అది నాకు ఇప్పటికీ ముచ్చటగా అనిపిస్తుంది. తర్వాత జపాన్ వాళ్లే 2009లో కణం బయట దీన్ని అందుకునే రిసెప్టర్‌ని కూడా చూపించారు. అంటే ఇది లోపలా పనిచేస్తుంది, బయట నుంచి కబురులాగానూ పనిచేస్తుంది.

ఆ తర్వాత ఎలుకల మీద వచ్చిన పరిశోధనలు బోలెడు. మెదడుకు రక్తం ఆపి పక్షవాతం తెప్పించిన చిట్టెలుకల్లో దెబ్బతిన్న భాగం తగ్గింది. మందుతో జ్ఞాపకశక్తి పోగొట్టిన వాటిలో కొంత తిరిగి వచ్చింది. 2018లో కోహెన్ బృందం 18 నెలల వయసున్న, అంటే మన లెక్కలో రిటైరయ్యే వయసుకు దగ్గర పడ్డ ఆడ చిట్టెలుకలకు నెలల తరబడి వారానికి రెండుసార్లు ఇచ్చి చూస్తే వయసుతో మతి మందగించడం తక్కువగా ఉంది. మీ బావగారి "వారానికి రెండుసార్లు" ఇక్కడినుంచే వచ్చి ఉంటుంది.

ఇప్పుడు నా వృత్తి మాట్లాడాల్సిన చోటు వచ్చింది.

ఆ చిట్టెలుకలకు ఇచ్చింది హ్యూమనిన్ కాదు. హెచ్‌ఎన్‌జి అనే మార్పు చేసిన రూపం. పద్నాలుగో స్థానంలో సెరీన్ అనే అమైనో ఆమ్లాన్ని తీసేసి గ్లైసీన్ అనే ఇంకోదాన్ని పెడితే అది వస్తుంది. ఒక్క అక్షరం తేడాతో దాని బలం కణాల పరీక్షల్లో దాదాపు వెయ్యి రెట్లు పెరుగుతుంది. మందులాంటి ఫలితాలు చూపిన జంతు ప్రయోగాల్లో ఎక్కువ శాతం ఈ హెచ్‌ఎన్‌జితో చేసినవే. మీ ఫ్రిజ్‌లో ఉన్న సీసా మీద హ్యూమనిన్ అని మాత్రమే ఉందని రాశారు. అంటే పేపర్లో చదివిన ఫలితం ఒక పదార్థానిది, చేతిలో ఉన్నది ఇంకొకటి.

మోతాదు కూడా చూద్దాం. చిట్టెలుకలకు ఇచ్చింది కిలో బరువుకు 4 మిల్లీగ్రాములు. చిట్టెలుక మోతాదును మనిషికి మార్చాలంటే శరీర ఉపరితలం లెక్కన సుమారు పన్నెండుతో భాగిస్తారు. 60 కిలోల మనిషికి ఒక్కో ఇంజెక్షన్‌కు 20 మిల్లీగ్రాముల దగ్గర వస్తుంది. మీకు చెప్పింది 1 మిల్లీగ్రాము. అంటే వెయ్యో వంతు బలమున్న పదార్థాన్ని ఇరవయ్యో వంతు మోతాదులో ఇస్తున్నారు. ఈ లెక్క ఎందుకు చెప్పానంటే, చూసి మోతాదు పెంచేయమని కాదు సుమా! ఆ 1 మిల్లీగ్రాము అన్న సంఖ్య ఏ మనుషుల పరీక్ష నుంచీ రాలేదని చూపించడానికి. మనుషులకు మందుగా హ్యూమనిన్‌ను, మందులకు అనుమతిచ్చే అమెరికా ఎఫ్‌డీఏ గానీ, మన దేశంలోని సీడీఎస్‌సీఓ గానీ ఆమోదించలేదు. మోతాదు తెలిసే దారే లేదు.

ఇక సీసాలోని పొడి. హ్యూమనిన్ చేయడానికి మొండి పెప్టైడ్. మధ్యలో నాలుగు ల్యూసిన్లు వరసగా ఉంటాయి. నీళ్లంటే పడని అమైనో ఆమ్లాలు ఇలా వరసగా వస్తే, కట్టేటప్పుడే గొలుసులు ఒకదానికొకటి అంటుకుని ముద్దకడతాయి. కొన్ని గొలుసుల్లో ఒక ల్యూసిన్ తక్కువ పడుతుంది. నాలుగుండాల్సిన చోట మూడే ఉన్న ఆ తప్పుడు గొలుసు, శుద్ధి చేసేటప్పుడు అసలుదానికి ఆనుకునే బయటికొస్తుంది. విడదీయడానికి మేం పడ్డ తిప్పలు మాకే తెలుసు. ఎనిమిదో స్థానంలో సిస్టీన్ ఉంటుంది. అది గాలికి, తేమకు పక్క గొలుసులోని సిస్టీన్‌తో జతకట్టేస్తుంది. ఆ సిస్టీన్ ఈ పెప్టైడ్‌కు ప్రాణం లాంటిది. దాన్ని మార్చి అలనిన్ పెడితే కాపాడే గుణమే పోతుంది. కొనేవాడు చూసేది సీసా మీద "99 శాతం స్వచ్ఛత" అన్న ఒక్క ముక్క. అది ఏ పద్ధతిలో కొలిచారో, ఆ సీసా బ్యాచ్‌కే చెందినదో కాదో తెలియదు. పైగా పొడి బరువులో పెప్టైడ్ ఒక్కటే ఉండదు. ఉప్పులు, తేమ కూడా ఉంటాయి. పది మిల్లీగ్రాముల పొడిలో అసలు పెప్టైడ్ ఏడో ఎనిమిదో ఉండటం మామూలే.

ఇవన్నీ డబ్బు వృథా వరకే అనుకుందాం. అసలు భయం ఎండోటాక్సిన్. బ్యాక్టీరియా చచ్చినా దాని గోడ ముక్కలు మిగిలిపోతాయి. వాటిని స్వచ్ఛత కొలిచే హెచ్‌పీఎల్‌సీ గ్రాఫు చూపించదు, దానికి వేరే పరీక్ష ఉంటుంది. ఇంజెక్షన్‌గా ఎక్కించే మందు తయారీలో ఆ పరీక్ష తప్పదు. "పరిశోధనకు మాత్రమే" అని రాసి అమ్మే సరుక్కి ఆ బాధ్యత ఎవరిదీ కాదు. 71 ఏళ్లావిడకు, షుగరున్నావిడకు చర్మం కింద అది వెళ్తే జ్వరం, ఆ తర్వాత వచ్చే అయోమయం ఎలా ఉంటాయో ఒక్కసారి ఆలోచించండి. పెద్దవాళ్లలో మామూలు మూత్ర ఇన్ఫెక్షన్ వచ్చినా మతి తప్పినట్టు మాట్లాడతారు. అప్పుడు మీరు పెప్టైడ్ పనిచేయలేదనుకోవాలా, జబ్బు ముదిరిందనుకోవాలా?

దీనికి దగ్గరి బంధువు కథ ఒకటి చెబుతాను. మైటోకాండ్రియా డీఎన్‌ఏ నుంచే 2015లో మోట్స్-సి అనే ఇంకో పెప్టైడ్ బయటపడింది, పదహారు అమైనో ఆమ్లాలది. దాన్ని పోలిన సీబీ4211 అనే మందును కోహ్‌బార్ అనే కంపెనీ మనుషుల మీద పరీక్షించింది. పకడ్బందీగా, శుభ్రంగా తయారైన మందే. అయినా 2018లో సూది గుచ్చిన చోట్ల రియాక్షన్లు వస్తున్నాయని పరీక్షను కొంతకాలం ఆపాల్సి వచ్చింది. తయారీలో నాణ్యత పరీక్షలు దాటిన సరుకే అలా చేస్తే, సూట్‌కేసులో వచ్చిన సరుకు సంగతి మీరే ఊహించుకోండి.

అమ్మగారి విషయంలో నన్ను ఎక్కువగా కంగారుపెట్టింది 2016 ఆపరేషన్. హ్యూమనిన్ ముఖ్యమైన పని ఏమిటో పైన చెప్పాను. చావాల్సిన కణాన్ని చావనివ్వదు. నాడీకణానికి అది వరమే. క్యాన్సర్ కణానికి కూడా వరమే. అర్జెంటీనా పరిశోధకులు 2020లో రొమ్ము క్యాన్సర్ పెంచిన చిట్టెలుకల్లో హ్యూమనిన్ వల్ల కణితి పెరుగుదల ఎక్కువైందని, కీమో పనితనం తగ్గిందని చూపించారు. వేరే ల్యాబులో కీమోతో పాటు హెచ్‌ఎన్‌జి ఇస్తే వీర్యకణాలు తయారుచేసే కణాలు బతికాయి, క్యాన్సర్ వ్యాపించడం తగ్గింది కూడా. కాబట్టి ఇది ఎప్పుడూ చెడే చేస్తుందని నేను అనను. ఎలుకల్లోనే రెండు రకాలుగా ఉన్నదాన్ని, ఆపరేషన్ అయ్యాక ఇన్నేళ్లుగా బాగున్న మనిషి మీద ఎవరు పందెం కాస్తారు? మీ అమ్మగారికి ఆపరేషన్ చేసిన ఆంకాలజిస్టును అడగకుండా ఇలాంటిదేదీ, ఏ పేరుతో వచ్చినా, లోపలికి పంపకండి.

మీ బావగారు "వయసుతో హ్యూమనిన్ తగ్గిపోతుంది, కాబట్టి బయట నుంచి నింపాలి" అన్నారని రాశారు. ఇది వినగానే సరే అనిపించే మాట. చిట్టెలుకల్లో నిజంగానే తగ్గుతుంది. ఎలుకంత ఉండి ముప్ఫై ఏళ్లకు పైగా బతికే నేకెడ్ మోల్ ర్యాట్‌లో అంతగా తగ్గదు. నూరేళ్లు దాటినవారి పిల్లల్లో, వాళ్ల ఈడు వాళ్లకంటే ఎక్కువుందని 2020లో చెప్పారు. అల్జీమర్స్ రోగుల వెన్నునీటిలో తక్కువుందనీ అదే పరిశోధనలో వచ్చింది. ఇంతవరకు కథ ఒకేవైపు నడిచింది. కానీ 2019లో ఇటలీ వాళ్లు 21 నుంచి 113 ఏళ్ల దాకా ఉన్న 693 మంది రక్తం చూస్తే వయసుతో పాటు హ్యూమనిన్ పెరుగుతూ పోయింది. వృద్ధుల్లోనే ఎక్కువుంది. ఇప్పుడేమంటారు?

నాకు సబబుగా తోచేది ఇది. హ్యూమనిన్ కష్టంలో ఉన్న మైటోకాండ్రియా పంపే కబురు. ఊళ్లో అంబులెన్సులు ఎక్కువ తిరుగుతున్నాయంటే ఆస్పత్రులు బాగున్నాయనీ కావచ్చు, రోగాలు ఎక్కువయ్యాయనీ కావచ్చు. ఒక్క రక్తపరీక్ష సంఖ్య చూసి ఏదీ చెప్పలేం. అందుకే, కొన్ని వెల్‌నెస్ క్లినిక్‌లు అమ్మే "హ్యూమనిన్ లెవెల్" పరీక్షలకు కూడా డబ్బు పెట్టకండి.

ఇంకో తమాషా కూడా ఉంది. ఈ పెప్టైడ్లు అమ్మేవాళ్లు చాలామంది, ఎదుగుదల హార్మోన్ పెంచే ఇంజెక్షన్లతో కలిపి "యాంటీ-ఏజింగ్ ప్యాకేజీ" అని అమ్ముతారు. 2014లో వచ్చిన పరిశోధనలో, ఎదుగుదల హార్మోన్ ఎక్కువగా ఉండి తొందరగా చనిపోయే చిట్టెలుకల్లో హ్యూమనిన్ తక్కువ ఉంది. ఆ హార్మోన్ లేక పొట్టిగా ఉండి ఎక్కువకాలం బతికే రకంలో ఎక్కువ ఉంది. అంటే ప్యాకేజీలో ఒక సూది ఇంకో సూది పనిని చెడగొట్టేలా ఉంది. రెంటికీ బిల్లు మాత్రం ఒకే చోట వేస్తారు.

సరే, అమ్మగారికి ఏం చేయాలి అన్నదానికి వస్తాను. ఇక్కడ మీరు మాటవరసకి రాసినవి పనికొస్తాయి. మెట్‌ఫార్మిన్ ఏళ్ల తరబడి వాడితే శరీరం బి12 పీల్చుకోవడం తగ్గుతుంది. పాంటోప్రజోల్ లాంటి యాసిడ్ తగ్గించే మాత్రలు కూడా అదే పని చేస్తాయి. అమ్మగారికి రెండూ పన్నెండేళ్లుగా నడుస్తున్నాయేమో చూడండి. మీది శాకాహార కుటుంబమైతే మూడో దెబ్బ కూడా పడ్డట్టే. బి12 బాగా తగ్గితే మతిమరుపు వస్తుంది, కాళ్లు తిమ్మిర్లెక్కుతాయి, నడక తూలుతుంది. చాలామంది ఆ తిమ్మిర్లను షుగరు మీదికి తోసేస్తారు. మా పిన్నిగారి విషయంలో ఇలాగే ఏడాది పోయింది. పేరున్న ఒక ఆస్పత్రిలో అల్జీమర్స్ మాత్ర రాసి పంపారు, బి12 ఎవరూ చూడలేదు. తర్వాత ఊళ్లోని పాత డాక్టరుగారు చూసి ఇంజెక్షన్లు మొదలుపెట్టారు. ఆవిడ పూర్తిగా మునుపటిలా అయ్యారని చెప్పను. కానీ మళ్లీ పాల లెక్క తానే రాసుకునే స్థితికి వచ్చారు. అందరికీ ఇలా అవుతుందనీ చెప్పను. అయినా ఒక మామూలు రక్తపరీక్షతో తేలే ప్రశ్నను వదిలేసి ఖరీదైన సీసా వెనక పడటం మాత్రం ఎందుకు?

కాబట్టి ఈ వారంలో బి12, థైరాయిడ్‌కు టీఎస్‌హెచ్, రక్తంలో సోడియం, హిమోగ్లోబిన్, మూడు నెలల సగటు షుగరు, కిడ్నీ పరీక్షలు చేయించండి. షుగరు తరచూ పడిపోయినా మెదడుకు దెబ్బే, కాబట్టి తెల్లవారుజామున ఒకటి రెండుసార్లు ఇంట్లోనే చూడండి. ఆవిడ వేసుకునే మాత్రలన్నీ ఒక సంచిలో వేసుకుని న్యూరాలజిస్టు దగ్గరికి తీసుకెళ్లండి. నిద్రకని ఆల్‌ప్రజోలామ్, జలుబుకని క్లోర్‌ఫెనిరమైన్ ఉన్న మాత్రలు, నొప్పులకని అమిట్రిప్టిలిన్ ఉంటే ప్రత్యేకంగా చూపించండి. ఇవి పెద్దవాళ్లలో మెదడును మొద్దుబారుస్తాయి. కానీ మీ అంతట మీరు టక్కున ఆపేయకండి, ముఖ్యంగా ఆల్‌ప్రజోలామ్. ఎంఆర్‌ఐ అవసరమో లేదో ఆయన చెబుతారు. రొమ్ము క్యాన్సర్ సంగతి ఆయనకు ముందే చెప్పాలి, ఎందుకంటే అది మెదడుకు పాకే అవకాశాన్ని కూడా ఆయన తోసిపుచ్చాలి.

చెవులు కూడా. మా మామగారికి చెవి మిషన్ పెట్టించడానికి మేం రెండేళ్లు తాత్సారం చేశాం, "ఆయనకు వినపడుతుందిలే, పట్టించుకోరు" అనుకుంటూ. వినపడకపోతే మాట అందదు, అందని మాట గుర్తుండదు. 2024లో లాన్సెట్ కమిషన్, ప్రపంచంలోని డిమెన్షియాలో దాదాపు 45 శాతం, మార్చుకోగల పద్నాలుగు కారణాలతో ముడిపడి ఉందని లెక్కగట్టింది. వినికిడి లోపం, బీపీ, షుగరు, చెడు కొలెస్టరాల్, డిప్రెషన్, ఒంటరితనం అన్నీ అందులో ఉన్నాయి. అమ్మగారికి వీటిలో ఎన్ని ఉన్నాయో మీకే తెలుసు.

ఇక మీ భయం. మైటోకాండ్రియా డీఎన్‌ఏ తల్లి నుంచే వస్తుంది, నిజమే. మీకూ, మీ అక్కయ్యగారికీ, అమ్మగారికీ, అమ్మమ్మగారికీ ఒకటే. ఆ డీఎన్‌ఏలో హ్యూమనిన్ ఉన్న చోటే ఒక చిన్న మార్పు ఉంటే, రక్తంలో హ్యూమనిన్ తక్కువగా ఉండటం, వయసుతో మతి త్వరగా మందగించడం కలిసి కనిపించాయని పైన చెప్పిన 2018 పరిశోధనలోనే ఉంది. అది అమెరికాలోని నల్లజాతి వారిలో చూసిన విషయం. మన కుటుంబాలకు ఎంత వర్తిస్తుందో దాన్ని బట్టి చెప్పలేం. మామూలుగా వృద్ధాప్యంలో వచ్చే అల్జీమర్స్‌లో ఎక్కువ పేరున్న జన్యువు ఏపీఓఈ. అది 19వ క్రోమోజోమ్ మీద ఉంటుంది, అమ్మ నుంచి ఒక నకలు, నాన్న నుంచి ఒకటి వస్తాయి. కాబట్టి "అమ్మమ్మకు, అమ్మకు, ఇక నాకు" అనే వరస అంత కచ్చితమైనది కాదు. అసలు అమ్మమ్మగారికి ఏ జబ్బో ఎవరూ పరీక్షించలేదని మీరే రాశారు. ఆ రోజుల్లో బీపీతో వచ్చిన చిన్న చిన్న పక్షవాతాలను కూడా "చాదస్తం" అనే అనేవారు.

మీ వయసు 43 అన్నారు. ఒంట్లో హ్యూమనిన్‌ను సూది లేకుండా పెంచే దారి ఉందా అంటే, కొంత ఆధారం ఉంది. ఫిన్లాండ్‌లో షుగరు జబ్బు అంచున ఉన్న మగవాళ్ల చేత కొన్ని వారాలు బరువులెత్తే వ్యాయామం చేయిస్తే, కండరాల్లో హ్యూమనిన్ పెరిగిందని 2016లో చూపించారు. చిన్న పరిశోధనే. కానీ వ్యాయామం వల్ల మిగతా లాభాలకు ఆధారాలు కొండంత ఉన్నాయి కాబట్టి, హ్యూమనిన్ పెరగకపోయినా మీకు నష్టం లేదు. మోకాళ్లు సహకరిస్తే వారానికి రెండు రోజులు బరువులు, మిగతా రోజులు చెమట పట్టే నడక. బీపీ ఒకసారి చూపించుకోండి. మనవాళ్లు నలభైల్లో బీపీ చూపించుకోరు, అరవైల్లో న్యూరాలజిస్టు దగ్గర క్యూ కడతారు.

హైదరాబాద్‌కు సంబంధించి ఒక మంచి సంగతి చెప్పనివ్వండి. నిమ్స్‌లో సువర్ణ అల్లాడి గారి బృందం 648 మంది డిమెన్షియా రోగులను పరిశీలించి 2013లో ఒక ఫలితం ప్రకటించింది. ఒకే భాష తెలిసినవారికంటే రెండు భాషలు మాట్లాడేవారికి జబ్బు నాలుగున్నరేళ్లు ఆలస్యంగా మొదలైంది. చదువురానివారిలో కూడా ఈ తేడా కనిపించింది. తెలుగు, ఉర్దూ, హిందీ అన్నీ కలగలిపి మాట్లాడే ఊళ్లోనే ఇది తేలింది. దీన్ని బట్టి నేర్చుకున్న భాష మందులా పనిచేస్తుందని అనలేం. అమ్మగారు బీదర్‌లో పెరిగారని, కన్నడ కూడా వచ్చని రాశారు కదా. ఆవిడ చిన్ననాటి స్నేహితురాలితో వారానికోసారి కన్నడలో ఫోన్ మాట్లాడించండి. ఆవిడ ముఖం చూస్తే మీకే తెలుస్తుంది, లాభం ఉన్నా లేకున్నా.

బావగారితో ఎలా చెప్పాలో తెలియడం లేదన్నారు. ఆయనతో గొడవ పెట్టుకోకండి. ప్రేమతోనే తెచ్చారు, డబ్బు కూడా బాగానే పెట్టి ఉంటారు. "అమ్మకు 2016లో క్యాన్సర్ అయింది కదా బావగారూ, ఆంకాలజిస్టును అడిగాకే" అనండి. ఆ మాట ముందు వాదించేవాళ్లు తక్కువ. ఆయన ఇంకా పట్టుబడితే మూడు ప్రశ్నలు వేయండి: ఇది హ్యూమనినా, హెచ్‌ఎన్‌జినా? ఈ బ్యాచ్‌కు ఎండోటాక్సిన్ రిపోర్టు ఉందా? 1 మిల్లీగ్రాము అన్నది ఏ మనుషుల మీద పరీక్షించి చెప్పారు?

వయల్స్ సంగతి. తెరవనివైతే అలాగే ఫ్రిజ్‌లో ఒక డబ్బాలో మూతపెట్టి, పైన "వాడొద్దు" అని తెలుగులో పెద్దగా రాసి పెట్టండి. అమ్మగారి ఇన్సులిన్ ఏదైనా అదే అరలో ఉంటే వెంటనే వేరు చేయండి. మతిమరుపున్న ఇంట్లో ఒకేలా కనిపించే సీసాలు పక్కపక్కన ఉండకూడదు. నీళ్లు కలిపేసినది ఏదైనా ఉంటే దాన్ని మళ్లీ వాడకండి. సూదులను చెత్తబుట్టలో వేయకుండా గట్టి ప్లాస్టిక్ డబ్బాలో వేసి, దగ్గరి ల్యాబులో తీసుకుంటారేమో అడగండి.

ఇప్పటికే ఒక డోసు ఇచ్చేశారా లేదా అన్నది మీరు రాయలేదు. ఇచ్చి ఉంటే ఎప్పుడు ఇచ్చారో, సూది గుచ్చిన చోట ఎర్రబడిందా, జ్వరం వచ్చిందా అన్నది చెప్పండి. జ్వరం ఉంటే ఇక్కడ రాసి ఎదురుచూడకుండా ఈరోజే డాక్టరుకు చూపించండి, ఏ ఇంజెక్షన్ ఇచ్చారో దాచకుండా చెప్పండి. లేకపోతే బి12, టీఎస్‌హెచ్ రిపోర్టులు వచ్చాక ఆ సంఖ్యలు ఇక్కడ పెట్టండి, చూస్తాను.